వాసన పోయిందన్న రోజు

ముందే రాసిపెట్టు పాపా, ఇది మరుగుదొడ్డి సంగతి. అన్నం ముందు కూర్చుని చదివేవాళ్ళుంటే తినేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు రమ్మను. నువ్వు నవ్వకు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంత మాటలు కలపకు. నాకు మాట మీద మాట వస్తుందని నీకు తెలుసు కదా, ఎక్కడైనా దారి తప్పితే గుర్తు చెయ్యి.

పేర్లు మాత్రం వద్దు. ఆ మనుషుల్లో కొందరు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. కదిరి వైపు ఒక కాలేజీ అని రాస్తే చాలు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు చదువుతారని అంటున్నావు కాబట్టి నా పని ఏమిటో ఒక్క ముక్క చెబుతాను. మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని నేను. కంటికి కనబడని జీవాలను పెంచి పోషించడం నా పని. ఇంట్లో పాలు తోడుపెట్టడం లాంటిదే. కాకపోతే ఇంట్లో తోడు సరిగ్గా పడకపోతే మజ్జిగ చేసి పోసేస్తాం, ఇక్కడ సరిగ్గా పడకపోతే నెలల తరబడి చేసిన పని పోతుంది. అందుకే ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు ఆదివారం కూడా గుబులుగానే ఉండేది. ఫ్రిజ్ ఆగిందేమో, కరెంటు పోయిందేమో, వేడి ఎక్కువైందేమో. మీ తాత అనేవాడు, "నీకు పిల్లలు ఇద్దరే కాదు, ఆ ఇద్దరూ, ఇంకా ఆ సీసాల్లో ఉండేవాళ్ళంతానూ" అని.

రిటైర్మెంటు దగ్గర పడిన రోజుల్లో మా సారుకు ఒక ఆలోచన వచ్చింది. సారంటే మా డిపార్ట్‌మెంటు పెద్ద. మనుషులు అంతరిక్షంలోనో, సముద్రం అడుగునో తలుపులు మూసుకుని నెలల తరబడి ఉండాల్సి వస్తే వాళ్ళ మలమూత్రాలు ఏం కావాలి? పారెయ్యడానికి బయట అనేదే లేదు. దాచిపెడితే గబ్బు. కాబట్టి ఒక తొట్టిలో బ్యాక్టీరియాను పెంచి, అదంతా వాటికే తినడానికి పెట్టాలి. అవి దాన్ని నీళ్ళుగా, గ్యాసుగా మారుస్తాయి. ఆ నీళ్ళు వడగట్టి మొక్కలకు పోసుకోవచ్చు. ట్యాంకరు వచ్చే రోజు చూసుకుని తలంటు పోసుకునే ఊళ్ళు మనవి. వాడిన నీళ్ళే మళ్ళీ వాడొచ్చు అంటే మనకు అది అంతరిక్షం సంగతి కాదు, మన పెరటి సంగతే.

కాలేజీ వెనక చెనిక్కాయ చేల అంచున తాడిపత్రి బండలు పరిచి, వాటి మీద ఒక ఇనుప గది నిలబెట్టారు. గాలి కూడా చొరని గది. లోపల నాలుగు మంచాలు, ఒక కరెంటు పొయ్యి, మొక్కల అర. చివర్లో మరుగుదొడ్డి, దాని వెనక సన్నటి సందులో మా తొట్టి. ఆ సందుకు జరిపే తలుపు ఒకటి. బయట సిమెంటు రేకుల కింద మేము కూర్చునేవాళ్ళం. మాట్లాడుకోవడానికి మైకు, స్పీకరు ఉండేవి, లోపల మంచాల గదిలోనూ సందులోనూ కూడా. మంచాల గదిని చూడటానికి ఒక కెమెరా ఉండేది. లోపలి గాలిలో విషవాయువు ఎంతుందో మంచాల పక్కన గోడకున్న మీటరు పసిగట్టి, మా ముందున్న తెర మీద చూపించేది. నలుగురు విద్యార్థులు ఒక నెల లోపలే ఉండాలి. చక్రం తిప్పి తలుపు ఎవరైనా ఎప్పుడైనా తియ్యొచ్చు, తాళమేమీ లేదు. కానీ తీశారంటే ప్రయోగం అక్కడితో అయిపోయినట్టే.

తొట్టికి తోడు కావాలి కదా. నల్లమాడ దగ్గర ఒక రైతు ఇంట్లో పాత గోబర్ గ్యాసు గుంత ఉందని తెలిసి, రెండు క్యాన్లలో ఆ బురద నింపుకుని బస్సెక్కాను. కండక్టరు ముక్కు చిట్లించి, "ఏందమ్మా అది?" అన్నాడు.

"తోడు నాయనా."

"మీ ఇంట్లో పెరుగు నాకొద్దులేమ్మా," అని టిక్కెట్టు కొట్టి వెనక్కి పోయి నిలబడ్డాడు. కదిరి దాకా నా పక్క సీటు ఖాళీ.

ఆ నలుగురిలో ఒక పిల్లది నల్లమాడ దగ్గరి ఊరే. గొర్రెల కాపరుల ఇంటి పిల్ల, వాళ్ళింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. తొట్టి చూసుకునే పని ఎవరు చేస్తారని సారు అడిగితే మిగతా ముగ్గురూ చెప్పులు చూసుకున్నారు. ఈ పిల్ల మాత్రం, "గొర్రెల పెంట ఎత్తినదాన్ని సార్, నాకిదేం లెక్క," అంది. నెలంతా తొట్టి బతికితే పై చదువుకు ఆ పిల్లను తన దగ్గరే పెట్టుకుంటానని సారు అందరి ముందే మాటిచ్చారు. అది జరక్కపోతే ఇంటికి పోవడమే, అక్కడ పెళ్ళి మాటలు మొదలైపోయాయని నాకు తెలుసు.

లోపలికి పోయే ముందు రోజు వాళ్ళ నాయన వచ్చాడు. భుజం మీద కంబళి. గది చుట్టూ తిరిగి చూశాడు, ఇనుము మీద వేళ్ళతో కొట్టి చూశాడు. నన్ను పక్కకు పిలిచి, "మీరు ఈడనే ఉంటారా?" అని అడిగాడు.

"ఇక్కడే ఉంటాను."

"సార్లు వస్తారు పోతారు. మీరు ఉంటారా అని అడుగుతాండా."

"ఉంటానప్పా," అన్నాను. ఆ మాటతో నా నిద్ర పోయింది. సారుకు మాటిస్తే అది ఉద్యోగం వరకే. కన్నతండ్రి ముందు మాటిస్తే అది వేరే.

ఆ రోజు ఆయుధపూజ. ఇక్కడ మా అటెండరు అన్న గురించి చెప్పాలి. నాకంటే పెద్దవాడు, ల్యాబులో నాకంటే పాతవాడు. ఏడాదంతా ఎవరికీ కనబడడు, ఆయుధపూజ రోజు మాత్రం ల్యాబు ఆయన రాజ్యం. మైక్రోస్కోపులకు బొట్లు, ఫ్రిజ్‌కు బంతిపూల దండ, సారు కారు చక్రాల కింద నిమ్మకాయలు. ఆ ఏడు ఇనుప గదికి కూడా గుమ్మడికాయ కొట్టించాడు. నేను ఇంటి పూజ ఉందని మధ్యాహ్నమే వచ్చేశాను. మర్నాడు విజయదశమి, మంచి గడియ చూసి నలుగురినీ లోపలికి పంపి తలుపు వేశాం. కాలేజీకి సెలవులు. సారు, నేను, అటెండరు అన్న, ఒక డ్రైవరు, అంతే మిగిలాం.

మొదట్లో అంతా బాగుంది. తొట్టి మీద ఒక గాజు గొట్టం ఉంటుంది, జీవాలు తింటూ ఉంటే అందులో బుడగలు వస్తాయి. ఆ పిల్ల పొద్దున్నే మైకు దగ్గరకొచ్చి, "అమ్మా, బుడగలు బాగుండాయి," అని చెప్పేది. మిగతా ముగ్గురూ నన్ను మేడమ్ అంటే ఆ పిల్ల మాత్రం అమ్మా అనేది. నేను బొరుగుల ఉగ్గాని తెచ్చుకుని ఆ రేకుల కింద తింటూ, "మీకు ఇయ్యాల ఏం వంట?" అని అడిగేదాన్ని. ఇంత సులువైతే దీనికి ఇంత హంగామా ఎందుకు అనిపించింది కూడా.

తర్వాత బుడగలు తగ్గాయి.

ఒక పొద్దున ఆ పిల్ల గొంతులో తేడా వచ్చింది. "అమ్మా, గొట్టంలో ఏం రాలే. రంగు కాగితం ముంచితే ఎర్రగా వస్తాండాది." ఎర్రగా అంటే తొట్టి పులుస్తోంది. మంచి జీవాలు చస్తున్నాయి, పులిపించేవి పైచెయ్యి అవుతున్నాయి. మంచిగా నడిచే తొట్టి అట్లా ఎందుకు తిరగబడుతుంది? వేడి వల్లనా? తోడు సరిపోలేదా? క్యాన్లు బస్సులో ఎండకు కాగాయా? నాకు ఒకటే భయం, తోడు నేనే తెచ్చాను కదా అని.

సారు మైకు ముందుకు వచ్చి అడిగారు. "లోపల ఎవరైనా సబ్బు వాడారా?"

సబ్బు లోపలికి తీసుకుపోకూడదని గట్టి నియమం. స్నానానికి సున్నిపిండి, గిన్నెలకు బూడిద. సబ్బు గాని, ఫినాయిలు గాని, యాసిడ్ గాని ఒక్క చుక్క తొట్టిలో పడినా జీవాలకు చేటు.

లోపలున్న పొడుగాటి అబ్బాయి, వాడు కాస్త వాగుడుకాయ, "సార్, తొట్టి తనది, మాకేం తెలుసు? దొడ్డి ఎప్పుడు చూసినా తళతళ మెరుస్తుంటుంది. బూడిదతో అంత మెరుపు వస్తుందా మరి?" అన్నాడు.

"నేను పోసినానంటావా?" ఆ పిల్ల గొంతు.

"నేనేమీ అనలేదు. మెరుస్తుంది అన్నా."

"మొదటి రోజు నుంచి అట్లనే మెరుస్తాండాది. నేను ఒట్టి నీళ్ళతోనే కడుగుతాండా. అమ్మా, నువ్వన్నా చెప్పు. నేనెందుకు పోస్తా?"

నమ్ముతున్నానని అన్నాను. నమ్మకం ఒక మాట, తొట్టి పులవడం ఒక మాట. సారు మైకు ఆపి నా వైపు చూసి, "అలవాటు కొద్దీ పోసేసి ఉంటుంది. భయపడి చెప్పడం లేదు. చిన్నపిల్ల," అన్నారు. కోపంగా కాదు, జాలిగా. ఆ జాలి ఇంకా అన్యాయంగా అనిపించింది నాకు. కోపంగా అంటే ఎదురు చెప్పొచ్చు.

మర్నాటికి కుళ్ళిన గుడ్డు వాసన మొదలైందని చెప్పారు. ఆ వాసన వచ్చే వాయువు మంచిది కాదు. మీటరు కొద్దికొద్దిగా పైకి పోతోంది. ఫలానా గీత దాటితే తలుపు తీసెయ్యాలని ముందే అనుకున్నాం. ఆ గీతకు ఇంకా దూరం ఉంది. నేను ఆ తెర ముందు నుంచి లేవలేదు. మంచినీళ్ళకు లేచినా తిరిగి తిరిగి చూసుకుంటూ పోయేదాన్ని. లోపల ముగ్గురూ ఆ పిల్లతో మాట్లాడటం తగ్గించారు. అన్నం గిన్నె తీసుకుని ఒక్కతే మొక్కల అర దగ్గర కూర్చుని తింటుంటే కెమెరాలో కనబడేది. నాలుగు మంచాల గదిలో ముగ్గురు ముఖం తిప్పుకుంటే ఎక్కడికని పోతుంది? బయటైతే చేనులోకన్నా పోయి కూర్చోవచ్చు.

అటెండరు అన్న టీ తెచ్చి పెట్టాడు. సారు ఫోన్లో ఎవరికో చెబుతున్నారు, "మా స్టూడెంటే ఏదో కెమికల్ వాడినట్టుంది, ఒక అమ్మాయి," అని. అన్న ఆ మాట విని అక్కడే నిలబడిపోయాడు. గ్లాసు పళ్ళెం చేతిలో అట్లాగే ఉంది.

"ఏందమ్మా, ఏం కెమికలు?" అని నన్నడిగాడు.

"యాసిడో ఫినాయిలో పడినట్టుందన్నా. ఆ పిల్ల పోసిందని అనుకుంటున్నారు."

పళ్ళెం కింద పెట్టి, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "పాప కాదుమ్మా. నేను."

నాకు అర్థం కాలేదు. సారు ఫోను చెవి దగ్గర నుంచి దించారు.

"ఆయుధపూజ నాడు," అన్నాడు అన్న. "అన్నిటికీ పసుపు కుంకాలు పెడితిమి. ఫ్రిజ్‌కు పెడితిమి, కారుకు పెడితిమి. ఆ దొడ్డికి, ఆ తొట్టికి ఎవురూ పెట్టలే. నెలంతా ఈ పిల్లోళ్ళ పెంట తినేది అవే కదా సార్. అందరికంటే కష్టం వాటిదే. వాటికి ఒక్క బొట్టు పెట్టకపోతే ఎట్ల అనిపించె. మీరంతా పోయినాక లోపలికి పోయినా."

"బొట్టే కదా పెట్టింది?" అన్నారు సారు.

"కడగకుండా పసుపు ఎట్ల పెడ్తాం సార్? అది దొడ్డి. దేవుడని మొక్కేదానికి ముందు శుద్ధి చెయ్యాల కదా. యాసిడ్ పోసి రుద్దినా. తర్వాత ఫినాయిలు పోసి, రెండు బక్కెట్ల నీళ్ళు ఇడిచినా. అప్పుడు పసుపు కలిపిన నీళ్ళు, రవ్వంత కర్పూరం కూడా ఆ దొడ్డి గొట్టంలోనే ఏసి దండం పెట్టుకోని వచ్చినా."

చూడు పాపా, ఇంట్లో పీట కడగకుండా ముగ్గు వెయ్యం కదా మనం. ఆయన చేసిందీ అదే. మరుగుదొడ్డిని కూడా పూజకు తగిన వస్తువుగా చూసిన మనిషి మా కాలేజీ మొత్తంలో ఆయన ఒక్కడే. అందుకే దాన్ని అన్నిటికంటే ఎక్కువ కడిగాడు. ఆ మందు జీవాలను మెల్లమెల్లగా చంపింది కాబట్టే మొదట్లో మాకు తెలియలేదు. నియమాలు చెప్పిన రోజు ఆయన్ను ఎవరూ పిలవలేదు, అటెండరుకు ఎందుకులే అని. పిలవని వాళ్ళలో సారుతోపాటు మేమంతా ఉన్నాం. సారు కుర్చీలో కూర్చుండిపోయారు.

అన్న మాత్రం మైకు దగ్గరకు పోయి నిలబడ్డాడు. అది ఎట్లా ఆన్ చెయ్యాలో తెలియక నా వైపు చూశాడు. నేను నొక్కాను.

"పాపా, నేను అటెండర్ని. నువ్వు ఏం పొయ్యలే. నేను పోసినా. లోపలుండే మీరందరూ ఇనుకోండి. ఆ పాప మీద ఇంగ నోరు జారొద్దండి."

తర్వాత పొడుగాటి అబ్బాయి గొంతు, "సారీ," అని. ఆ పిల్ల మాత్రం మైకులో, "పెద్దాయన ఉద్యోగం ఏమవుతాది సార్?" అని అడిగింది.

సారు నిజాయితీ గల మనిషి, అబద్ధం చెప్పలేకపోయారు. "ప్రయోగం పోతే పైవాళ్ళు అడుగుతారమ్మా. నేను చెప్పాల్సి వస్తుంది."

"పోకపోతే?"

"పోకపోతే అడిగేవాళ్ళే ఉండరు."

"అట్లైతే పోదు సార్. లోపల తినేసోడా డబ్బా ఉండాది. పులుపు ఇరగ్గొడతా."

నాకు అప్పుడే భయం పట్టుకుంది. అప్పటి దాకా తన పేరు కోసం ఉన్న పిల్ల, ఇప్పుడు ఇంకో మనిషి కోసం ఉంది. తన కోసమైతే మనిషి ఎక్కడో ఒక చోట చాలనుకుంటాడు. వేరే వాళ్ళ కోసమైతే ఆగడు.

సోడా వెయ్యడం తప్పు కాదు. కొంచెం కొంచెంగా వేస్తే పులుపు విరుగుతుంది, మిగిలిన జీవాలు తేరుకుంటాయి, వారానికో రెండు వారాలకో. కానీ తొట్టిని కలపాలి. కలిపితే నురగ పొంగుతుంది. అడుగున ఉన్న వాయువంతా నురగతో పైకొస్తుంది. "కొంచెమే వెయ్యి, వేసి వెంటనే బయటికి రా, మళ్ళీ గంట ఆగు," అని నేను, సారు ఇద్దరం చెప్పాం. సరే సరే అంది. మీటరు పైకి పోతూనే ఉంది. గీతకు దగ్గరవుతోంది. సారు గోళ్ళు కొరుకుతున్నారు. నేను ఆయన్ని ఎన్నడూ అట్లా చూడలేదు. అటెండరు అన్న తలుపు పక్కన బండ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు.

ఎండ నడినెత్తికి వచ్చింది. గాలి విసురుకు రేకులు గడగడలాడుతున్నాయి. అప్పుడు మీటరు దిగడం మొదలైంది. సారు లేచి నిలబడ్డారు. ఇంకొంచెం దిగింది. అంతలో స్పీకరులో ఆ పిల్ల గొంతు, సంతోషంతో పొంగుతూ.

"అమ్మా, వాసన పోయింది. ఒక్క రవ్వ కూడా లేదు."

సారు చప్పట్లు కొట్టారు. డ్రైవరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అన్న కళ్ళు తెరిచి ఆకాశానికి దండం పెట్టాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఎందుకో చెప్పలేను, నోట్లోంచి ఒక మాట వచ్చింది. "ఇంత తొందరగానా సార్?"

సారు చప్పట్లు ఆగిపోయాయి. చచ్చిన తొట్టి పూట గడవకముందే తేరుకోదని మా ఇద్దరికీ తెలుసు. ఆ వాయువు గుణం కూడా మా ఇద్దరికీ తెలుసు, సారు క్లాసులో ప్రతి ఏడూ చెబుతారు. కొంచెం ఉంటే గుడ్డు కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుంది, కంపు తెలియడం మానేస్తుంది. మనిషి గాలి బాగైందనుకుంటాడు. తెలుసు. కానీ సంతోషం వచ్చినప్పుడు తెలిసినవన్నీ పక్కకు జరుగుతాయి. మరి మీటరు ఎందుకు దిగింది?

మైకు నొక్కాను. "ఎక్కడున్నావు తల్లీ?"

"సందులోనే."

"సందు తలుపు?"

"ఏసుకున్నా. వాళ్ళు అన్నానికి కూర్చున్నారు, కంపు వస్తాదని అంటాండ్రి. ఈడ కలుపుతాండా."

మీటరు మంచాల గదిలో ఉంది. ఆ పిల్ల, తొట్టి, వాయువు అన్నీ తలుపుకు అవతల. అందుకే దిగింది.

"బయటికి రా. ఇప్పుడే రా."

"ఇంకొంచెం ఉండమ్మా. బాగైపోతాంది. వాసనే లేదు అంటా ఉంటే."

మాట కాస్త ముద్దగా వచ్చింది. నేను వెనక్కి చూశాను. సారు అప్పటికే తలుపు చక్రం పట్టుకున్నారు. అన్న అడ్డం వచ్చాడు. "తియ్యొద్దు సార్, అంతా పోతాది, పాప సీటు పోతాది. వాసన లేదంటాండాది కదా."

"అన్నా, నీ పని నా పని తర్వాత చూసుకుందాం, పక్కకు జరుగు," అన్నాను. అట్లా ఆయనతో ఎన్నడూ మాట్లాడి ఎరుగను. జరిగాడు. జరగడమే కాదు, చక్రానికి తనూ చెయ్యి వేశాడు. ముగ్గురం తిప్పాం. నేను మైకులో ముందే అరిచి చెప్పాను, లోపలి ముగ్గురూ ఊపిరి బిగపట్టి ఆ పిల్లను లాక్కు రమ్మని. పొడుగాటి అబ్బాయి అన్నం చేత్తోనే పోయి సందు తలుపు జరిపాడు. రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు. తెర మీద మీటరు ఒక్కసారిగా గీత దాటి పైపైకి పోయింది, మోత మొదలైంది.

ఇనుప తలుపు తెరుచుకుంది. ఆ గబ్బు మా మొహాన కొట్టింది. డ్రైవరు వెనక్కి పరిగెత్తాడు. సారు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అన్న తువ్వాలు మొహానికి చుట్టుకున్నాడు. నేను చెంగు మూతికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పిల్ల తన కాళ్ళ మీదే వచ్చింది, కొంచెం తూలుతూ, కళ్ళు ఎర్రగా, సోడా పిండి అంటిన చేతులతో. గడప దిగి నా ముందు నిలబడింది. మహా కోపంగా ఉంది.

"వాసనే లేదు అని చెప్తిని కదమ్మా. ఎందుకు తీసినారు?"

నేను చెంగు మూతి మీద నుంచి తియ్యలేకపోయాను. ఆ పిల్ల నన్ను చూసింది. సారు రుమాలు చూసింది. అన్న తువ్వాలు చూసింది. చేలో దూరంగా పోయి వంగి నిలబడ్డ డ్రైవర్ని చూసింది. ఒకరి తర్వాత ఒకరిని, మెల్లగా. గాలి గట్టిగా పీల్చి చూసుకుంది. మళ్ళీ పీల్చింది. బండ మీద కూర్చుండిపోయింది.

"వస్తాండాదా?" అని అడిగింది నన్ను, చిన్న గొంతుతో. "మీకందరికీ వస్తాండాదా?"

తల ఊపాను.

కదిరి ఆస్పత్రిలో ఒక రోజు ఉంచుకున్నారు. ఏమీ కాలేదు. ఇంకాసేపు ఉండి ఉంటే అని డాక్టరు మొదలుపెడితే నేనే ఆపేశాను, వినలేక. సాయంత్రానికి ఆ పిల్ల ముక్కు మూసుకుని, "ఈడ ఫినాయిలు కంపు కొడతాంది," అంటే, మంచం పక్కన కూర్చున్న అన్న, "ఆ పేరు నా ముందర ఎత్తొద్దు తల్లీ," అన్నాడు. ముగ్గురం నవ్వాం. ఆ పిల్లకు వాసన తెలిసిందని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నవ్వు కింద ఎవరికీ కనబడలేదు.

వాళ్ళ నాయన వచ్చాడు. కంబళి అట్లాగే భుజం మీద. మంచం దగ్గర కాసేపు నిలబడి, వరండాలోకి వచ్చి నన్ను చూసి, "మీరు ఈడనే ఉంటిరి కదా," అన్నాడు. మెచ్చుకోలో, నిలదీయడమో ఇప్పటికీ తెలియదు. "ఉన్నానప్పా," అన్నాను. తల ఆడించి పోయాడు.

పైవాళ్ళు అడిగారు. సారు తప్పు తనదేనని, నియమాలు అందరికీ చెప్పించలేదని ఒప్పుకున్నారు. అన్న ఉద్యోగం పోలేదు. మరుసటి ఆయుధపూజకు పసుపు గిన్నె పట్టుకుని తొట్టి సందు ముందు నిలబడి, "దీనికి ఏం చెయ్యమంటావుమ్మా?" అని నన్ను అడిగాడు. "దూరం నుంచి దండం పెట్టన్నా చాలు," అన్నాను. పెట్టాడు. మనసు ఒప్పక, బయట గోడకు మాత్రం ఒక బొట్టు పెట్టాడు.

ఆ పిల్లకు సీటు అప్పుడు రాలేదు. మళ్ళీ గది సిద్ధం చేసేసరికి చాలా కాలం పట్టింది. అప్పటికి సందులో కూడా ఒక మీటరు బిగించాం, మైకు ఎట్లా నొక్కాలో అన్నకు నేర్పించాం. ఈసారి లోపలికి పోతానని ఆ పిల్లే వచ్చింది. వాళ్ళ నాయన వద్దనలేదట. ఎందుకు వద్దనలేదని అడిగితే, "నాయన నన్ను అడగలే, నేను చెప్పలే," అని ఇనుప తలుపు మూసుకుంది. నేను అదే నా ఆఖరి పని అని తెలిసి ఆ రేకుల కింద కూర్చున్నాను.

మీటర్లు ఎన్నున్నా నాకు నమ్మకం లేదు. కొత్త నియమం ఒకటి నేను పెట్టించాను. లోపలున్న నలుగురికీ ఒక్కొక్క ఇంగువ డబ్బా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూత తీసి వాసన చూసి నాకు చెప్పాలి. సారు నవ్వారు కానీ కాదనలేదు. నువ్వు ఉద్యోగంలో చేరాక నీకూ ఇట్లాంటి రోజు వస్తుంది పాపా, ఎవరో వచ్చి అంతా బాగైపోయిందని చెబుతారు. సంతోషపడు, తప్పేం లేదు. కానీ ఎక్కడ నిలబడి చెబుతున్నారో అడుగు.

ఆ నెలంతా నా రోజు అట్లాగే మొదలయ్యేది. మైకు నొక్కి, "ఇంగువ చూశావా తల్లీ?" అనేదాన్ని. డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించేది. తర్వాత ఏమీ ఉండదు. ఆ పిల్ల గాలి పీల్చుకుంటోంది, అంతే. ఒక్క ఊపిరి పట్టేంత సేపు. ఆ ఊపిరిలో నేను మనసులో ఎన్నిసార్లు ఆ ఇనుప తలుపు చక్రం తిప్పానో నాకే తెలియదు. అప్పుడు స్పీకరులో గొంతు వచ్చేది.

"వస్తాండాదమ్మా. ఘాటుగా వస్తాండాది."